పసిడి చేదు: పిల్సెన్ బీరు చరిత్రలో ఆడవాళ్ళెక్కడ?

1842 నవంబరు 11, సెయింట్ మార్టిన్ పండగ రోజు. అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో భాగమైన బొహీమియాలో పిల్సెన్ అనే పట్టణంలో ఒక కొత్త బీరు తొలిసారి అమ్మకానికి వచ్చింది. అంతవరకు ఆ ప్రాంతపు జనం ఎక్కువగా తాగింది ముదురు రంగులో మసకగా ఉండే బీరు. ఇది మాత్రం బంగారు రంగులో, తేటగా, పైన తెల్లటి నురగతో, మింగాక కూడా నాలుక మీద కాసేపు నిలిచే చేదుతో ఉంది. దాన్ని కాచినవాడు యోసెఫ్ గ్రోల్. పక్కనున్న బవేరియా నుంచి జీతానికి పిలిపించుకున్న ఇరవై తొమ్మిదేళ్ళ యువకుడు. దానికి నాలుగేళ్ళ ముందు, 1838లో, పాడైపోయిన 36 పీపాల బీరుని పట్టణ సభాభవనం ముందు నేలపాలు చేశారు. ఆ అవమానంలోంచి, బీరు కాచే హక్కున్న పట్టణ గృహస్తులందరూ కలిసి 1839లో సొంత కర్మాగారం కట్టుకోవాలని నిర్ణయించుకున్నారు. మార్టిన్ స్టెల్జర్ అనే ఆయన దాన్ని నిర్మించాడు. గ్రోల్ అక్టోబరు 5న మొదటి కాగు ఎక్కించాడు. ఈ రోజు ప్రపంచంలో తాగే బీరులో అత్యధిక భాగం ఆ కాగు సంతతే.

ఈ కథ ఎక్కడ చదివినా దాదాపు ఇలాగే ఉంటుంది. ఒక కోపం, ఒక తీర్మానం, ఒక నిపుణుడు, ఒక నిర్మాత. పేర్లున్నాయి, తేదీలున్నాయి. ఒక్క స్త్రీ పేరు లేదు. సాహిత్య చరిత్రలు చదివే అలవాటున్న మనకి ఈ రకం నిశ్శబ్దం కొత్త కాదు. 'ఆ కాలంలో స్త్రీలు రాయలేదు' అన్న వాక్యాన్ని నమ్మకుండా వెతికినవాళ్ళకే మొల్ల పక్కన తరిగొండ వెంగమాంబ, ఆమె పక్కన ముద్దుపళని కనిపించారు. పిల్సెన్ కథ దగ్గర కూడా నాకు అదే ప్రశ్న వచ్చింది. ఆడవాళ్ళు నిజంగా లేరా, లేక కథ మొదలుపెట్టిన చోటే వాళ్ళు కనబడని చోటా?

బీరు గురించి స్త్రీవాద పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. మన ఉద్యమ జ్ఞాపకంలో మద్యం అంటే దూబగుంట. 1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతుల్లో పాఠం చదువుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వాళ్ళు తిరగబడింది 'వారుణి వాహిని' పేరుతో సారాని ఊరూరికీ చేర్చిన ప్రభుత్వ విధానం మీద, తమ కూలి డబ్బు ఖజానాకి తరలిపోవడం మీద, రాత్రిళ్ళు తినే దెబ్బల మీద. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత ఆ పోరాటం వెనకే వచ్చాయి. ఆ ఉద్యమాన్ని తక్కువ చేసే మాట ఏదీ నా దగ్గర లేదు. మద్యం వల్ల వచ్చే రోగమూ అప్పూ దెబ్బలూ చివరికి ఎవరి ఒంటి మీద పడతాయో మనకి తెలుసు. కానీ ఆ ఉద్యమం తర్వాత మన ఆలోచనలో ఒక సమీకరణం గట్టిపడింది: తాగేవాడు మగవాడు, బాధపడేది ఆడది. తెలంగాణలో కల్లు కాంపౌండులో మగవాళ్ళ పక్కనే కూర్చుని కల్లు తాగే శ్రామిక స్త్రీ ఈ సమీకరణంలో ఇమడదు. వేల ఏళ్ళు తన చేత్తో బీరు కాచిన స్త్రీ కూడా ఇమడదు. వాళ్ళని వదిలేస్తే మద్యం మీద మన విమర్శ కూడా సగమే అవుతుంది. ఎందుకంటే సరుకు తయారు చేసే చేతిలోంచి సరుకు మీద అధికారం ఎలా జారిపోయిందన్నది సారాకీ బీరుకీ ఒకటే ప్రశ్న.

కాబట్టి పిల్సెన్ నుంచి కాస్త వెనక్కి వెళ్దాం.

సుమేరియన్లకి బీరు దేవత ఉంది. ఆమె పేరు నిన్‌కాసి. క్రీ.పూ. 1800 ప్రాంతపు మట్టి పలకల మీద దొరికిన ఆమె స్తోత్రాన్ని 1964లో మిగుయెల్ సివిల్ అనువదించి ప్రచురించాడు. అది దేవతాస్తుతి అయినా, చదువుతుంటే ఒక పనిమంతురాలిని పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. గింజ నానబెట్టడం, మొలకెత్తించడం, రొట్టె కాల్చడం, కలపడం, వడపోయడం అన్నీ వరసగా వస్తాయి. గిల్గమేష్ కావ్యంలో సముద్రపు ఒడ్డున వీరుడికి ఎదురయ్యే సిదూరి కూడా బీరు అమ్మే స్త్రీయే. మరి అదే నేల మీద క్రీ.పూ. 18వ శతాబ్దంలో హమ్మురాబీ శాసనం ఏమంది? కొలతలో మోసం చేసిన దుకాణపు స్త్రీని నీళ్ళలో పడేయమంది. ఆలయ జీవితానికి అంకితమైన కొన్ని వర్గాల స్త్రీలు మద్యశాల తెరిచినా, బీరు కోసం అందులో అడుగుపెట్టినా కాల్చేయమంది. తయారీలో దేవత, అమ్మకంలో అనుమానితురాలు, తాగితే నేరస్తురాలు. ఈ మూడు మెట్లూ ఒకే నాగరికతలో ఉన్నాయి.

మధ్యయుగపు ఇంగ్లండు గురించి జుడిత్ బెన్నెట్ 1996లో ప్రచురించిన పుస్తకం ఈ విషయంలో నాకు దారి చూపింది. 1300 నాటికి ఇంగ్లండులో 'ఏల్' అనే బీరు కాయడం చాలావరకు ఆడవాళ్ళ పని. హాప్స్ పూలు వేయని ఆ పానీయం కొద్ది రోజుల్లోనే పులిసిపోతుంది, దూరం పంపడానికి వీల్లేదు. అందుకని ఏ వీధికా వీధి కాచుకోవలసిందే. ఇంట్లో వాడుకోగా మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్ముకునేవారు. పాలూ పెరుగూ అమ్ముకున్నట్టే. అలా కాచే స్త్రీకి 'బ్రూస్టర్' అని పేరు. నూలు వడికే స్త్రీ 'స్పిన్‌స్టర్' అయినట్టే. తర్వాత ఏమైందో చూడండి. నూలు వడికే స్త్రీని చెప్పే మాట పెళ్ళికాని ఆడదాన్ని వెక్కిరించే మాటగా మారింది. బీరు కాచే స్త్రీని చెప్పే మాట ఇంటిపేరుగా మిగిలింది. పని పోయింది.

ఎలా పోయింది? సుమారు 1400 నుంచి సముద్రం అవతలి నుంచి హాప్స్ వేసిన బీరు వచ్చింది. హాప్స్ చేదు బీరుని పాడవకుండా ఉంచుతుంది. నిలవ ఉండే సరుకుని పెద్ద ఎత్తున కాయవచ్చు, ఓడల్లో పంపవచ్చు, సైన్యానికి సరఫరా చేయవచ్చు. దానికి పెద్ద కాగులు, అప్పు, ఒప్పందాలు, సంఘంలో సభ్యత్వం కావాలి. పెళ్ళయిన స్త్రీ తన పేరున ఒప్పందం రాసుకోలేని చట్టం ఉన్నచోట ఈ వ్యాపారం ఎవరి చేతికి వెళ్తుందో చెప్పనక్కరలేదు. 1600 నాటికి అది మగవాళ్ళ వృత్తి. బెన్నెట్ చెప్పే అసలు మాట ఇంకొకటి ఉంది. ఆడవాళ్ళు ఒకప్పుడు రాజ్యమేలి తర్వాత పడిపోయారని ఆమె అనదు. పని లాభసాటిగా లేనంతకాలం ఆడవాళ్ళ చేతిలో ఉంది, లాభం వచ్చాక చేయి మారింది అంటుంది. ఆ మారే కాలంలో సాహిత్యం కూడా ఊరుకోలేదు. చెస్టర్ పట్టణపు నాటకాల్లో క్రీస్తు అందరినీ నరకం నుంచి విడిపించినా, కల్తీ చేసిన బీరు అమ్మకందారు స్త్రీ మాత్రం అక్కడే మిగిలిపోతుంది. పదహారో శతాబ్దం తొలినాళ్ళలో జాన్ స్కెల్టన్ ఎలినర్ రమ్మింగ్ అనే బీరు స్త్రీ మీద పొడవాటి వెక్కిరింపు పద్యం రాశాడు. వృత్తి నుంచి తప్పించే ముందు ఆ వృత్తిలో ఉన్నదాన్ని మురికిదిగా, మోసగత్తెగా చూపించడం మనకి తెలిసిన పద్ధతే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మంత్రగత్తెల పొడుగు టోపీ, చీపురు, పిల్లి అన్నీ బీరు కాచిన స్త్రీల నుంచి వచ్చాయని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. దానికి సరైన ఆధారం లేదు. అలాగే బీరులో హాప్స్ వాడకాన్ని హిల్డెగార్డ్ అనే సన్యాసిని కనిపెట్టిందంటారు. పన్నెండో శతాబ్దపు ఆ మేధావి హాప్స్ చేదు పానీయాలని చెడకుండా కాపాడుతుందని రాసిన మాట నిజం. అయితే 822లోనే కోర్బీ మఠాధిపతి అడల్హార్డ్ నియమావళిలో హాప్స్ ప్రస్తావన ఉంది. మన పక్షాన ఉన్న కథ కదా అని ఆధారం లేనిదాన్ని ఎత్తుకుంటే, రేపు మన నిజమైన ఆధారాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఉన్న చరిత్రే చాలు. అది తక్కువేమీ కాదు.

ఇప్పుడు పిల్సెన్‌కి వద్దాం. ఈ పట్టణాన్ని 1295లో రెండో వాత్స్లావ్ రాజు స్థాపించాడు. గృహస్తులకి బీరు కాచి అమ్ముకునే హక్కు ఇచ్చాడు. ఆ హక్కు మనిషికి కాక ఇంటికి అంటిపెట్టుకుని ఉండేది. ఇల్లు ఎవరి చేతికొస్తే హక్కు వాళ్ళది. అంటే కాగు ఇంటి గడపకి దగ్గర్లోనే ఉంది. 1842 నాటి కర్మాగారంతో ఆ చిన్న చిన్న హక్కులన్నీ ఒక్కచోట చేరాయి. ఇంటి కాగులు ఆరిపోయాయి. గ్రోల్ కొత్త బీరుని పుట్టించాడని మనం చదువుకునే చోటే, ఇంటికీ బీరుకీ ఉన్న చివరి బంధం తెగిపోయిందని కూడా చదువుకోవాలి.

గ్రోల్ గొప్పతనాన్ని నేను కాదనను. అతను వాడుకున్నవి నాలుగు. మొదటిది మాల్టు. గింజని పొగ తగలకుండా వేడిగాలితో నెమ్మదిగా ఆరబెట్టే పద్ధతి ఇంగ్లండు నుంచి వచ్చింది. దానివల్ల గింజ మాడలేదు, లేత రంగు వచ్చింది. రెండోది పిల్సెన్ నీళ్ళు. లవణాలు అతి తక్కువ ఉన్న మెత్తటి నీళ్ళు, కాబట్టి చేదు గొంతులో గరగరలాడదు. మూడోది దగ్గర్లోని జాటెట్స్ ప్రాంతపు హాప్స్, జర్మన్ పేరు సాజ్. నాలుగోది బవేరియా ఈస్టు. అది చల్లటి చోట, పాత్ర అడుగున చేరి, వారాల తరబడి పనిచేస్తుంది. వీటికి తోడు మాల్టు కలిపిన నీళ్ళలో కొంత భాగాన్ని తీసి, విడిగా మరిగించి, తిరిగి కలిపే పద్ధతి. అలా మూడుసార్లు. పిల్సెన్‌లో ఇప్పటికీ అలాగే చేస్తారు. 1845లో ఒప్పందం ముగిసి గ్రోల్ తన ఊరికి వెళ్ళిపోయాడు. కాగు ఆగలేదు. పని అతనొక్కడిలో లేదని దీనివల్లే తెలుస్తుంది.

మాల్టు తయారీ గురించి చదివేటప్పుడు నాకు మా అమ్మమ్మ రాగిమాల్టు గుర్తొచ్చింది. రాగులు నానబెట్టి, తడిబట్టలో మూటకట్టి, మొలక ఎంత పొడుగొచ్చిందో వేలితో చూసి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి విసిరేది. ఒక రోజు ఎక్కువైతే పుల్లవాసన, ఒక పూట తక్కువైతే తీపి రాదు. పిల్సెన్‌లో దాన్ని విజ్ఞానం అన్నారు, మా వంటింట్లో పసిపిల్లల గంజి అన్నారు. చేసే పని మాత్రం ఒకటే. మొలకెత్తిన గింజలో పిండి తీపిగా మారే క్షణాన్ని పట్టుకోవడం.

జాటెట్స్ హాప్స్ తోటల దగ్గర మరింత ఆగాలి. హాప్స్ తీగల్లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. బీరుకి కావలసిన చేదు, వాసన ఉండేది ఆడ మొక్క పూగుత్తుల్లోని పసుపు పొడిలో. ఆ గుత్తుల్లో గింజ పడితే విలువ తగ్గుతుంది. అందుకని తోటల నుంచి మగ మొక్కల్ని తీసేస్తారు. పిల్సెన్ బీరు సువాసన అంతా పరాగం సోకని ఆడ పువ్వుది. దీన్నుంచి స్త్రీత్వం గురించి పెద్ద సిద్ధాంతం తీయాలని నాకు లేదు. నన్ను ఆపింది ఆ పువ్వుల్ని కోసిన చేతులు. యంత్రాలు రాకముందు ఆగస్టు చివర్లో చుట్టుపక్కల బీద ప్రాంతాల నుంచి ఆడవాళ్ళు, పిల్లలు, కుటుంబాలకి కుటుంబాలు ఈ తోటలకి వలస వచ్చేవారు. కొలతకింతని కూలి. పువ్వు తేలిక, కొలపాత్ర లోతు. మన మిరపచేలల్లో వంగి కాయ కోసే ఆడవాళ్ళకి ఈ లెక్క విడమరిచి చెప్పనక్కరలేదు. 2023లో యునెస్కో జాటెట్స్ పట్టణాన్ని, చుట్టూ ఉన్న హాప్స్ నేలని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కోసిన చేతుల పేర్లు ఏ గోడ మీదా చెక్కి లేవు.

ఒక తులనాత్మక సాహిత్య సదస్సు కోసం ప్రాగ్ వెళ్ళినప్పుడు నేను రెండు రోజులు పిల్సెన్‌లో ఉన్నాను. కర్మాగారం కింద భూమిలో తొలిచిన సొరంగాలు కిలోమీటర్ల పొడవున ఉన్నాయి. ఎండాకాలంలో కూడా శాలువా కావాలి. అక్కడ ఓక్ పీపాల్లోంచి వడపోయని బీరు పట్టి ఇస్తారు. మసకగా ఉంటుంది, రొట్టె పైపెచ్చు వాసన, వెన్న ఛాయ, తర్వాత నెమ్మదిగా పైకొచ్చే చేదు. బీరు అంటే చల్లగా ఉండే ఏదో పసుపు నీరు అనుకునేవాళ్ళు ఇది తాగితే మాట మార్చుకుంటారు. ఆ సాయంత్రం ఊళ్ళో ఒక మద్యశాలలో పెద్ద గ్లాసు అడిగితే, వడ్డించే అతను చిన్న గ్లాసు తెచ్చి పెట్టి నవ్వాడు. 'మేడమ్‌కి ఇది సరిపోతుంది' అన్నాడు. మన దేశంలో పంజాబ్ ఎక్సైజ్ చట్టం మద్యం అమ్మేచోట స్త్రీలు ఉద్యోగం చేయకూడదని 1914 నుంచి చెబుతూ వచ్చింది. 2007లో గాని సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేయలేదు. స్త్రీని కాపాడుతున్నామని చెబుతూ ఆమె బతుకుదారి మూసేయడం కుదరదని ఆ తీర్పు సారాంశం. చట్టం పోయినా చిన్న గ్లాసు పోవడానికి ఇంకా టైము పడుతుంది.

తిరుగు ప్రయాణంలో జర్మనీలో మా పిన్ని కూతురి ఇంట్లో వారం ఉన్నాను. ఆమె, ఆమె భర్త ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. తెనాలి నుంచి పిన్ని కూడా మనవడిని చూసుకోవడానికి వచ్చి ఉంది. ఒక ఆదివారం నాలుగు రకాల సీసాలు బల్ల మీద పెట్టాం. పిల్సెన్ నుంచి వచ్చిన పిల్స్‌నర్ ఉర్కెల్, 4.4 శాతం ఆల్కహాలు. బొహీమియా దక్షిణాన 1895లో మొదలైన బుద్వార్, 5 శాతం. జర్మనీ ఉత్తర తీరప్రాంతపు యేవర్, 4.9 శాతం. పశ్చిమ జర్మనీ బిట్‌బుర్గర్, 4.8 శాతం. గ్లాసులు ఒకే రకం, కొద్దికొద్దిగా పోసి, మధ్యలో మంచినీళ్ళూ ఉప్పు లేని రొట్టే. మొదట రంగు, తర్వాత వాసన, తర్వాత గుక్క. ముందు తేలికవి, చివర చేదువి.

పిన్ని కాసేపు దూరంగా కూర్చుని చూసింది. తర్వాత, "ఇటివ్వండే, ఒక్కో గుక్క చూస్తాను. మందులో కలిపి తాగిన టానిక్కులకంటే పాపమా?" అంది. వాసన చూసిన తీరుకే మేమిద్దరం నిశ్శబ్దమైపోయాం. పులుసు ఉడుకుతున్న గిన్నె దగ్గర నిలబడి ఉప్పు తగ్గిందని ముక్కుతోనే చెప్పే మనిషి ఆమె.

బిట్‌బుర్గర్ రుచి చూసి, "దీనికి మొదలుంది, చివర లేదు" అంది. నిజమే. తేటగా, పొడిగా, మర్యాదగా ఉండి వెంటనే వెళ్ళిపోతుంది. బుద్వార్‌కి, "ఇది గుండ్రంగా ఉంది, తీపి ముందొచ్చింది, చేదు మెత్తగా వెనకొచ్చింది" అంది. నెలల తరబడి చల్లటి చోట నిలవ ఉంచడం వల్ల వచ్చే మెత్తదనం అది. ఉర్కెల్ దగ్గర ఆగింది. రెండో గుక్క అడిగింది. "రొట్టె కాలిన వాసన, కొంచెం వెన్న, చివర వగరు. అన్నీ ఉన్నాయి, ఏదీ ఇంకోదాన్ని తొక్కలేదు" అంది. యేవర్‌కి మొహం ముడిచి, నవ్వి, "వేపపువ్వు ఎక్కువ పడ్డ ఉగాది పచ్చడే ఇది. కానీ నోరు శుభ్రంగా ఉంది" అంది.

బీరు నిపుణులు పేజీలకి పేజీలు రాసే తేడాలని ఆమె నాలుగు వాక్యాల్లో చెప్పింది. చెక్ పద్ధతిలో మాల్టు బరువు, చేదు సమానంగా నడుస్తాయి. జర్మనీ వాళ్ళు, అందులోనూ ఉత్తరాది వాళ్ళు, మాల్టుని పలచన చేసి చేదుని ముందుకి తెచ్చారు. ఉర్కెల్‌లోనూ యేవర్‌లోనూ కొలిస్తే చేదు ఇంచుమించు ఒకటే. ఒకదానిలో చేదు తీపి ఒడిలో కూర్చుంటుంది, రెండోదానిలో ఒంటరిగా నిలబడుతుంది. చేదుకి ఏడాదికొకసారి పండగ చేసే భాష మనది. చేదు, వగరు, కనరు, కరుకు అని వేరు చేసి చెప్పగల నాలుకలు మన వంటిళ్ళలో ఎన్నో ఉన్నాయి. బీరు దుకాణం దగ్గర మాత్రం మన దగ్గరున్న మాటలు రెండే: లైటా, స్ట్రాంగా. ఎంత మత్తు అన్నది తప్ప ఏ రుచి అన్న ప్రశ్నే లేదు. రుచి తెలిసినవాళ్ళని గడప అవతలే ఉంచిన చోట ఇంతకంటే మాటలు ఎలా పుడతాయి?

"ఊళ్ళో చెప్పకు తల్లీ" అంది పిన్ని గ్లాసు కడుగుతూ. రాయనా అని తర్వాత అడిగాను. "పేరు లేకుండా రాసుకో" అంది.

పేరు అన్నది ఈ బీరు చరిత్రలో చాలా పెద్ద గొడవ. ఊరి పేరు మీద పుట్టిన బీరుని జర్మనీలో ఎవరికి వారు కాచి పిల్స్‌నర్ అని అమ్ముకున్నారు. పిల్సెన్ వాళ్ళు 1859లోనే ఆ పేరుని నమోదు చేయించారు. 1898లో 'ఉర్కెల్', అంటే మూలపు ఊట, అన్న మాటని చేర్చి మళ్ళీ నమోదు చేశారు. జర్మనీ కోర్టులు మాత్రం అది ఊరి పేరు కాదు, ఒక రకం పేరు అన్నాయి. ఇప్పటికీ చెక్ మనిషి పిల్సెన్‌లో కాచినదాన్నే ఆ పేరుతో పిలుస్తాడు, మిగతావి అతనికి లేత రంగు లాగర్లు మాత్రమే. బుద్వార్‌ని పిల్స్‌నర్ అంటే అతను ఒప్పుకోడు. 2017 నుంచి ఆ మూలపు ఊట జపాను కంపెనీ అసాహీ చేతిలో ఉంది. ఒక ఊరు తన పేరు కోసం కోర్టుల చుట్టూ తిరిగిందంటే పేరు విలువ ఎంతో తెలుస్తుంది. ఆడవాళ్ళ పేర్ల కోసం ఏ కోర్టూ లేదు. వెతకడమొక్కటే ఉంది.

వెతికితే ప్రాగ్‌లో ఒక పేరు దొరికింది. అన్నా నాప్ర్స్‌త్కోవా, 1788లో పుట్టి 1873లో చనిపోయింది. పాత పట్టణంలో బెత్లెహెం కూడలి దగ్గర 'ఉ హలాంకూ' అనే ఇంట్లో బీరు, సారా తయారీ వ్యాపారాన్ని నడిపింది. ఆ ఇంటిపేరుకి జర్మన్‌లోనూ చెక్‌లోనూ అర్థం ఒకటే, కుట్టుపనిలో వేలికి పెట్టుకునే తొడుగు. ఆమె కొడుకు వోయ్తా 1848 తిరుగుబాటు తర్వాత అమెరికా పారిపోయి, పదేళ్ళకి తిరిగొచ్చాడు. కుట్టుమిషన్లు, వంటింటి పరికరాలు తెప్పించి ఆడవాళ్ళకి చూపించాడు. 1865లో ఆ ఇంట్లోనే 'అమెరికన్ మహిళా క్లబ్' మొదలైంది. ఉపన్యాసాలు, పుస్తకాలు, చర్చలు. రచయిత్రులు కరోలినా స్వెత్లా, ఆమె చెల్లెలు సోఫియె పొద్లిప్స్కా అందులో ముఖ్యులు. 1871లో స్వెత్లా బీద ఆడపిల్లలకి పని నేర్పే సంఘం పెట్టింది. 1890లో ఎలిష్కా క్రాస్నోహోర్స్కా ప్రాగ్‌లో ఆడపిల్లలకి 'మినర్వా' ఉన్నత పాఠశాల తెరిచింది. ఈ వరసంతా సాహిత్య చరిత్రల్లో ఉంటుంది. ఆ మొదటి గది అద్దె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. అది బీరు కాచిన ఇల్లు. ఆ ఇల్లు ఇప్పుడు ఆసియా, ఆఫ్రికా, అమెరికా సంస్కృతుల మ్యూజియం. తన సొంత గది కోసం ఎదురుచూసిన ప్రతి రచయిత్రికీ ఆ ముసలామె వ్యాపారపు లెక్కల పుస్తకం కూడా సాహిత్య చరిత్రే అనిపించాలి.

ఇక తాగిన స్త్రీ. ఆమె బోహుమిల్ హ్రబల్ 1976లో ప్రచురించిన 'పోస్త్రిజినీ' నవలలో ఉంది. కథ చెప్పేది నింబుర్క్ పట్టణపు బీరు కర్మాగారం మేనేజరు భార్య మరిష్కా. హ్రబల్ తన తల్లిని తలుచుకుని సృష్టించిన పాత్ర. ఆమె బీరుని ఇష్టంగా తాగుతుంది, మాంసాన్ని ఇష్టంగా తింటుంది, కర్మాగారం పొగగొట్టం ఎక్కి కూర్చుంటుంది. ఊరంతా మురిసిపోయే పొడుగు జుట్టుని కత్తిరించేసుకుంటుంది. భర్త దానికి శిక్ష వేస్తాడు. 1981లో యిర్జీ మెంజెల్ దీన్ని సినిమాగా తీశాడు. ఆనందిస్తున్న ఆడదాన్ని చూసి మురిసిపోయే చూపు, ఆమె హద్దు దాటితే నవ్వుతూనే దండించే చేయి, రెండూ ఈ నవలలో ఉన్నాయి. కొడుకు ప్రేమగా రాశాడు, కాదనను. కానీ అది ఆమె గొంతు అని ప్రపంచం మెచ్చుకుంటున్నప్పుడు, ఆమె స్వయంగా రాసి ఉంటే ఆ చేదు ఎక్కడ పడేదో అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

రుచి చూడటమంటే తేడా చెప్పగలగడం. తేడా చెప్పగలిగినవాళ్ళకే తీర్పు చెప్పే అధికారం వస్తుంది. అందుకే ఆడవాళ్ళ నాలుకని వంటింట్లో పొగిడి, బయట దానికి కుర్చీ వేయలేదు. బీరు తాగితేనే స్త్రీ విముక్తి అని నేను చెప్పడం లేదు. ఇష్టం లేనివాళ్ళు ముట్టుకోనక్కరలేదు, దూబగుంట ఆడవాళ్ళు మూయించిన దుకాణం మూసే ఉండాల్సింది. నేనడిగేది వేరు. మొలక పొడుగు వేలితో చూసింది ఎవరు, పువ్వు కోసింది ఎవరు, 'బ్రూస్టర్' అన్న మాట ఎవరిది, చివర మిగిలే వగరుకి మాట పెట్టగలిగింది ఎవరు? పిల్సెన్ కథని 1842లో మొదలుపెడితే ఈ ప్రశ్నలకి జవాబు ఉండదు. కాగు పొయ్యి మీద పెట్టిన చోట మొదలుపెడితే ఉంటుంది.